బాతు ఎందుకు పడలేదు?

గడచిన వేసవిలో తార్నాకలోని మా ఇంటి అటక సర్దుచుండగా, ఒక అట్టపెట్టెలో మా చిన్ననాటి టీవీ కంప్యూటరు కనబడినది. 1998లో మా నాన్నగారు కోఠీలోని గుజరాతీ గల్లీలో దానిని కొనిరి. అప్పుడు మేము ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని క్వార్టర్సులో ఉండెడివారము. పేరుకు అది చదువు కొరకే. దానికి కీబోర్డు ఉండుటచే బేసిక్ భాషలో నాలుగు వరుసలు వ్రాసెడివారము. స్విచ్చి ఆపగానే అవి మాయమయ్యెడివి. మిగిలిన కాలమంతయు ఆటలే. అందులో నాకును మా అక్కకును ప్రాణము ‘డక్ హంట్’, అనగా బాతుల వేట. దాని కొరకు పెట్టెతో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకి వచ్చినది.

ఈ యంత్రములకు మూలము 1983లో జపానులో నింటెండో వారు విడుదల చేసిన ‘ఫ్యామిలీ కంప్యూటర్’. డక్ హంట్ ఆట ఆ మరుసటి సంవత్సరము వచ్చినది. మాది అసలు యంత్రము కాదు, దాని అనుకరణ. అట్టివే ఆ దశాబ్దములో మన బజారులలో విరివిగా అమ్ముడుపోయినవి.

దుమ్ము దులిపి దానిని మా కొత్త పలుచని టీవీకి కలిపితిని. ఆశ్చర్యము! పాట వినబడెను, బాతు ఎగిరెను. మా మేనకోడలికి తుపాకి ఎట్లు పట్టవలెనో చూపి, నేనే ముందు కాల్చితిని. బాతు పడలేదు. మూడు గుండ్లును వ్యర్థమైనవి. గడ్డిలో నుండి కుక్క లేచి, ఎప్పటివలెనే పకపక నవ్వినది. “మామయ్యా, నీకు గురి రాదా?” అని అమ్మాయి అడిగినది. తెరకు జానెడు దూరమున తుపాకి నిలిపి కాల్చినను అదే నవ్వు.

ఈ సంగతి తరగతిలో చెప్పి, “తుపాకి నుండి వెలువడునదేమి?” అని అడిగితిని. ఏవో కిరణములని పలువురు చెప్పిరి. చిన్నప్పుడు నేనును అట్లే తలచితిని. నిజమునకు తుపాకి నుండి ఏమియు వెలువడదు. కాంతి తెర నుండియే తుపాకిలోనికి పోవును. కంటి నుండి కిరణములు బయలుదేరి వస్తువును తాకుటచేతనే చూపు కలుగునని పూర్వులలో కొందరు నమ్మిరి. అది సరికాదని 11వ శతాబ్దములో ఇబ్న్ అల్ హైథమ్ వాదించెను. మన పొరపాటు కూడ ఆ జాతిదే.

తుపాకి గొట్టములో ఒక కటకము, దాని వెనుక కాంతిని గుర్తించు చిన్న ఎలక్ట్రానిక్ పరికరము ఉండును. మీట నొక్కగానే తెర అంతయు ఒక క్షణము నల్లబడును. వెంటనే బాతు ఉన్నచోట మాత్రము తెల్లని చతురస్రము మెరయును. తెర నల్లగా ఉన్నప్పుడు వెలుగు అందక, చతురస్రము మెరసినప్పుడు అందినచో గురి కుదిరినట్లు. బాతులు రెండైనచో చతురస్రములు ఒకదాని వెనుక ఒకటి వచ్చును. ఏ వేళకు వెలుగు అందినదో దానిని బట్టి పడినది ఏ బాతో తెలియును. నల్లని తెర ఎందుకు? అది లేనిచో గదిలోని బల్బు వైపు కాల్చి గెలువవచ్చును. మా అక్క ఆ ప్రయత్నము కూడ చేసినది.

ఈ తీర్పు అంతయు వేళను బట్టియే. ఆ వేళను తప్పక పాటించినది పాత టీవీలోని పిక్చరు గొట్టము. మా ఇంట నున్నది తాతగారి నాటి ఈసీ టీవీ. 1969లో టీడీసీ-12 కంప్యూటరును తయారుచేసిన మన హైదరాబాదు ఈసీఐఎల్ వారిదే. అట్టి గొట్టములో ఎలక్ట్రానుల సన్నని ధార తెరపై గీత వెనుక గీతగా, సెకనుకు 15,625 గీతలు గీయును. ధార తాకినచోట ఫాస్ఫరు పూత భగ్గున వెలిగి, వెంటనే మందగించును. ఏ క్షణమున చూచినను బాగుగా వెలుగునది ఒక సన్నని పట్టీ మాత్రమే. మన కన్ను దీనిని పట్టుకొనలేదు గాని, సెల్‌ఫోనులోని స్లో మోషన్ కెమెరా పట్టగలదు. ఉపాధ్యాయులు పాత టీవీ దొరికినచో ఇది తరగతిలో చూపవచ్చును. (దాని వెనుక మూత మాత్రము విప్పరాదు. విద్యుత్తు తీసివేసినను లోపల ప్రమాదకరమైన విద్యుదావేశము నిలిచి ఉండవచ్చును.)

మంచి తుపాకులలోని వలయము ఈ 15,625 లయకే స్పందించునట్లు అమర్చబడి ఉండును. మన ఇండ్లలోని బల్బు సెకనుకు నూరుసార్లు మాత్రమే హెచ్చుతగ్గులు చెందును గనుక ఆ తుపాకి దానిని లెక్కచేయదు.

కంప్యూటరు కూడ ఈ ధారతో అడుగు కలిపి నడచెడిది. తెరపై అడ్డముగా 256, నిలువుగా 240, మొత్తము 61,440 చుక్కలు. పని జ్ఞాపకము 2 కిలోబైట్లు, బొమ్మల అమరికకు మరి 2. ఈ వ్యాసములోని ఒక పెద్ద పేరా తోనే అందులో ఒకటి నిండిపోవును! ఇంత పేదరాలు పూర్తి చిత్రమును ఎక్కడ దాచుకొనగలదు? అందుచే 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల చిన్న పలకలను వరుసగా పేర్చుచు, ధార ఏ గీత వద్ద ఉన్నదో ఆ గీతను అప్పటికప్పుడు తయారుచేసి పంపెడిది.

కొత్త టీవీ అట్లు కాదు. అది సంపన్నురాలు. వచ్చిన చిత్రమును తన జ్ఞాపకములో నింపుకొని, తన తెరకు తగినట్లు పెంచి, ఆ పిదప చూపును. ఇందుకు సెకనులో కొన్ని నూరవ వంతులు పట్టును. చతురస్రము మెరయునప్పటికి ‘గురి తప్పినది’ అని కంప్యూటరు తీర్పు చెప్పివేసియుండును. పైగా ఆ తెర వెనుక దీపముల వెలుగులో తుపాకి వెదకు లయయే లేదు. నా గురిలో దోషము లేదని మేనకోడలికి ఈ విధముగా ఋజువు చేసితిని. ఆమె పూర్తిగా నమ్మినట్లు తోచలేదు.

“ఆ ఆటలన్నీ ఫోనులోనే ఉన్నాయి కదండీ సార్!” అని ఒక విద్యార్థి అనెను. నిజమే. డక్ హంట్ మొత్తము 24 కిలోబైట్లు. రెప్పపాటులో నకలు తీయవచ్చును. కాని ఫోనుపై బాతును వ్రేలితో నొక్కవలెను. పిక్చరు గొట్టమునకు నకలు తీయు ఉపాయము లేదు.

తుదకు తార్నాకలోనే ఒక సందులో, ముప్పది ఏండ్లుగా టీవీలు బాగుచేయుచున్న మెకానిక్కు వద్ద 14 అంగుళముల పాత సెట్టు దొరికినది. తక్కినవన్నియు పాత సామానుకు పోయినవట. “ఈ గొట్టం పోయిందంటే మళ్లీ వెయ్యడానికి నా దగ్గర ఇంకోటి లేదు సార్, చూసుకుని వాడండి” అని ఆయన మరీమరీ చెప్పెను.

ఆ ఆదివారము అక్క కూడ వచ్చినది. మేనకోడలు కాల్చినది. బాతు తలక్రిందులుగా పడినది. తరువాత తుపాకి అక్క చేతికి పోయినది. చీకటి పడువరకు అది మాకెవ్వరికిని తిరిగి రాలేదు.