సమాధితోట - చిత్రకారుని చూపు

పల్లె చర్చి, చుట్టూ పచ్చిక పెరిగిన సమాధులు, పైన విశాలమైన ఆకాశం. కాల్పనికోద్యమ కాలపు ఇంగ్లీషు నీటిరంగుల చిత్రాల్లో పదేపదే కనిపించే దృశ్యమిది. చూసేవారి మనస్సు శాంతిస్తుంది. ఆ శాంతి ఎక్కడిది? విమర్శకుడు వేయవలసిన ప్రశ్న ఇదే.

థామస్ గ్రే 1751లో ప్రచురించిన 'ఎలిజీ'కి వస్తువు, పేరూ ప్రతిష్ఠా లేకుండా పల్లెమట్టిలో కలిసిపోయిన పేదలు. పేదరికమే వారి శక్తులను అణచివేసిందని ఆ కవి గుర్తించాడు. ఆ కావ్యం కోసం జాన్ కాన్‌స్టబుల్ 1833లో స్టోక్ పోజెస్ చర్చిని నీటిరంగుల్లో చిత్రించాడు. నీటిరంగు తడికాగితం మీద పాకి అంచులను కరిగిస్తుంది. కాగితపు తెలుపే వెలుగవుతుంది. రూపంలోని ఈ మెత్తదనం వస్తువులోని కరకుదనాన్ని కూడా కరిగించగలదు. అంతకు మూడేళ్ళ ముందే, 1830లో, దక్షిణ ఇంగ్లండు వ్యవసాయ కూలీలు చాలీచాలని కూలికి ఎదురుతిరిగి నూర్పిడి యంత్రాలను పగలగొట్టారు. 19 మందిని ఉరితీశారు. వందలాదిమందిని ద్వీపాంతరం పంపారు. ఈ అలజడి నీడ అటువంటి చిత్రాల్లో అరుదుగా పడుతుంది.

కనుక ఆ చిత్రాలను పారవేయమని కాదు. వాటి అందం నిజమే. అయితే అందం ఎవరిని మరుగుపరుస్తున్నదో కూడా చూడాలి. మన జాషువా 'శ్మశానవాటి'లో ఆ పని చేశాడు. అంటరానితనానికి చోటులేని స్థలంగా శ్మశానాన్ని చూపి, బతికున్నవారి లోకాన్ని నిలదీశాడు.

ఈ చూపు సమస్య మన అడవి అంచున కూడా ఉంది. పినపాక మండలం జానంపేట దగ్గర ఇనుపయుగపు రాతిపలకల సమాధులు వందలాదిగా ఉన్నాయి. ఇలాంటివాటిని తెలుగునాట రాకాసిగుళ్ళంటారు. గోదావరికి ఆవలి ఒడ్డున కాదు, ఈ ఒడ్డునే, ఎగువన కాటాపూర్ అడవిలో సమాధుల దగ్గర శిలువ వంటి రాళ్ళు కనిపించాయి. జేమ్స్ ఫెర్గూసన్ 1872లో వాటిని క్రైస్తవ శిలువలుగా భావించాడు. అవి మానవాకార శిలలని తర్వాతి పరిశోధకులు గుర్తించారు. తన ఊరి సమాధితోటకు అలవాటుపడిన కన్ను పరాయి అడవిలోనూ దాన్నే చూసింది.

మన రచయితలకు ఆ ప్రమాదం లేదా? భద్రాచలం మన్యాన్ని వెన్నెలగా, ఇప్పపూల వాసనగా మాత్రమే రాస్తే మనదీ పరాయి చూపే. 2014లో పోలవరం ముంపు పేరిట ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లో కోయగూడేలున్నాయి. ఊరు మునిగితే ఊరివారి సమాధులూ మునుగుతాయి. ఆ సమాధుల్లో ఎవరున్నారో అడిగి తెలుసుకున్న తర్వాతే గోదావరి మీది సాయంత్రాన్ని వర్ణించాలి.