కారు కోట్లలో.. సీటు మాత్రం ఒక్కటే! వేమూరు రోడ్ల మీద ఈ స్పోర్ట్స్ కారు కుదురుతుందా?

ఫోన్‌లో కార్ల వీడియోలు చూసేవాళ్లకు ఈ బండి కొత్తేమీ కాదు. పైకప్పు ఉండదు. ముందు అద్దం ఉండదు. పక్క సీటు ఉండదు, వెనక సీటు అసలే ఉండదు. మధ్యలో ఒకే ఒక్క సీటు, అందులో హెల్మెట్ పెట్టుకున్న డ్రైవర్. చూడ్డానికి అచ్చం ఫార్ములా రేసు కారే. కానీ దీనికి నంబర్ ప్లేటు ఉంటుంది, ఇండికేటర్లు ఉంటాయి. ట్రాఫిక్ సిగ్నల్ పడితే మామూలు కార్ల పక్కనే ఆగుతుంది.

ఇది చూసిన కుర్రాళ్లకు వెంటనే రెండు సందేహాలు వస్తాయి. ఒకటి.. ఇలాంటి కారు మన దగ్గర నడుపుకోవచ్చా? రెండు.. అంత డబ్బు లేకపోతే, పాత కారు కొని సీట్లు పీకేసి ఇలా తయారు చేయించుకోవచ్చా? బాపట్ల జిల్లా వేమూరు లాంటి ఊరిని దృష్టిలో పెట్టుకుని ఈ రెండింటికీ సమాధానం చూద్దాం. ముఖ్యంగా రెండోదానికి సమాధానం తెలియకుండా ముందుకెళ్తే డబ్బే కాదు, ప్రాణం మీదకు కూడా రావొచ్చు.

అసలు ఏంటీ ఒంటి సీటు కారు?

ఈ రకం కార్లలో ఎక్కువగా వినిపించే పేరు బీఏసీ మోనో. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో నీల్ బ్రిగ్స్, ఇయాన్ బ్రిగ్స్ అనే అన్నదమ్ములు పెట్టిన కంపెనీ దీన్ని 2011లో బయటకు తెచ్చింది. తర్వాత వచ్చిన 2.5 లీటర్ల మోడల్ బరువు 580 కిలోలు. ఇంజిన్ శక్తి 305 హార్స్‌పవర్. ఆగిన చోటు నుంచి గంటకు 60 మైళ్లు, అంటే దాదాపు 96 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దీనికి పట్టేది 2.8 సెకన్లు. కొనేవాళ్ల శరీరం కొలతలు తీసుకుని మరీ సీటు, స్టీరింగ్, పెడల్స్ అమరుస్తారు. దర్జీ దగ్గర చొక్కా కుట్టించుకున్నట్టే.

ఈ ఆలోచన అంతకుముందే ఉంది. ఫార్ములా వన్ కార్ల డిజైనర్‌గా పేరున్న గోర్డన్ ముర్రే 1990ల మొదట్లో 'రాకెట్' అనే చిన్న కారు గీశారు. అందులో బైక్ ఇంజిన్ పెట్టారు. కారు బరువు 400 కిలోల లోపే. డ్రైవర్ మధ్యలో కూర్చుంటే, వెనక మూత తీసి ఇంకొకరు ఇరుక్కుని కూర్చునేంత చోటు మాత్రం ఉంచారు. ఇక 2018లో ఫెరారీ 'మోంజా ఎస్‌పీ1' తీసుకొచ్చింది. 12 సిలిండర్ల ఇంజిన్, 800 పైచిలుకు హార్స్‌పవర్, సీటు మాత్రం ఒక్కటే. దానికీ ముందు అద్దం లేదు.

ఎందుకంత క్రేజ్?

చాలామంది వేగమే కారణం అనుకుంటారు. అసలు కిటుకు బరువులో ఉంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి రేసు ట్రాక్ దాకా వెళ్లక్కర్లేదు. అదే ఎడ్ల జత ఖాళీ బండిని లాగడం వేరు, వడ్ల బస్తాలు నింపిన బండిని లాగడం వేరు. ఎడ్లు మారలేదు, బలం మారలేదు. బరువు మారింది అంతే. కార్లలో దీన్నే టన్నుకు ఎన్ని హార్స్‌పవర్ అని లెక్కేస్తారు. ఊళ్లో తిరిగే మారుతీ స్విఫ్ట్‌ను తీసుకుంటే సుమారు 80 హార్స్‌పవర్, 900 కిలోల పైచిలుకు బరువు. అంటే టన్నుకు 90 లోపే. అదే మోనోకు చూస్తే టన్నుకు 500 దాటుతుంది. దాదాపు ఆరు రెట్లు.

బరువు తగ్గితే వేగం ఒక్కటే పెరగదు. బ్రేక్ వేస్తే త్వరగా ఆగుతుంది. మలుపులో ఒక పక్కకు ఒరిగిపోదు. టైర్లు, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. అందుకే పక్క సీటు, ఏసీ, డిక్కీ అన్నీ తీసేసి కిలో కిలో తగ్గించుకుంటూ వస్తారు.

రెండో ఆకర్షణ, డ్రైవర్ సరిగ్గా మధ్యలో కూర్చోవడం. మామూలు కారులో డ్రైవర్ కుడివైపు ఉంటాడు కాబట్టి ఎడమ చక్రం ఎక్కడుందో అంచనా వేసుకోవాలి. కొత్తగా కారు నేర్చుకున్నవాళ్లు ఎడమవైపు గోడకు గీకించేది ఇందుకే. మధ్యలో కూర్చుంటే రెండు ముందు చక్రాలూ కళ్ల ముందే కనిపిస్తాయి. బరువు కూడా రెండు వైపులా సమానంగా పడుతుంది.

మూడోది మనసుకు సంబంధించింది. ఈ కారులో మాట్లాడేవాళ్లు ఉండరు, పాటలు ఉండవు. గాలి, ఇంజిన్ శబ్దం, రోడ్డు. తెల్లవారుజామున బుల్లెట్ మీద ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఈ ఆనందం ఏంటో విడిగా చెప్పక్కర్లేదు. అదే సుఖాన్ని నాలుగు చక్రాల మీద అమ్ముతున్నారు, అంతే తేడా.

వేమూరు రోడ్డెక్కితే ఏమవుతుంది?

ఇక్కడే అసలు పరీక్ష మొదలవుతుంది. వేమూరు కృష్ణా డెల్టా ఊరు. చుట్టూ వరి పొలాలు, పంట కాలువలు. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. దాని మీద వేసిన రోడ్డు ఎంత బాగా వేసినా కొన్నాళ్లకు ఎగుడుదిగుడు అవుతుంది. నాట్ల రోజుల్లో దమ్ము చక్రాలతోనే రోడ్డెక్కే ట్రాక్టర్లు దాన్ని ఇంకాస్త గీరేస్తాయి.

ఈ స్పోర్ట్స్ కార్లు నేలను ఆనుకుని పోతున్నాయా అన్నంత కిందకు ఉంటాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఊళ్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్నవి అంతకంటే ఎత్తుగా, నిటారుగా ఉంటాయి. అలాంటిది ఒక్కటి తగిలినా కారు కింది భాగం నేలకు రాసుకోవాల్సిందే.

కోతల రోజులు వస్తే రోడ్డు సగం కల్లంగా మారిపోతుంది. ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట ఆ రాళ్లు పెద్ద కార్లకే కనిపించవు. ముందు అద్దం లేని కారులో వెళ్తుంటే దుమ్ము, వడ్ల పొట్టు, పురుగులు నేరుగా హెల్మెట్‌కే తగులుతాయి. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్‌కు ఇంత కిందుగా ఉన్న బండి చివరి క్షణం దాకా కంటపడకపోవచ్చు. పక్కనే కాలువ, చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు. అక్కడ పట్టు తప్పితే ఏమవుతుందో ఆ ప్రాంతం వాళ్లకు తెలిసిందే.

ఇంకో లెక్క కూడా ఉంది. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం హైవేలు కాని మామూలు రోడ్ల మీద కారుకు గరిష్ట వేగం గంటకు 70 కిలోమీటర్లు. మోనో లాంటి కారు మూడు సెకన్లు నిండకముందే ఆ గీత దాటేస్తుంది. అంటే కోట్లు పోసి కొన్న శక్తిని తెనాలి వెళ్లే రోడ్డు మీద చట్టబద్ధంగా వాడుకునేది మూడు సెకన్లు కూడా కాదు.

ఇంటి అవసరాల సంగతి సరేసరి. పిల్లల్ని బడిలో దింపాలన్నా, పెద్దవాళ్లను తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా పక్క సీటు కావాలి. మోనోలో సామాను జాగా అంటే ముందు భాగంలో హెల్మెట్ పట్టేంత చోటు. యూరియా బస్తా కాదు కదా, కూరగాయల సంచీ పెట్టడమే కష్టం.

చట్టం ఏం చెబుతోంది?

ఆశ్చర్యంగా అనిపించొచ్చు కానీ, ఒక్క సీటు ఉండటం మన చట్టంలో తప్పు కాదు. డ్రైవర్ సీటు కాకుండా ఎనిమిది సీట్లకు మించని ప్రయాణికుల బండిని ఎం1 కేటగిరీ అంటారు. గరిష్టం చెప్పారు గానీ, పక్క సీటు ఉండి తీరాలని అందులో లేదు.

చిక్కంతా మిగతా నిబంధనలతో. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ బ్రేకులు, బీఎస్ 6 కాలుష్య ప్రమాణం, క్రాష్ టెస్టులు.. ఇవన్నీ పైకప్పు, తలుపులు ఉన్న మామూలు కారును దృష్టిలో పెట్టుకుని రాసినవి. విదేశాల నుంచి తెప్పించాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలని దిగుమతి నిబంధన. స్టీరింగ్ సరిగ్గా మధ్యలో ఉంటే అది కుడి కిందకు వస్తుందా? మొదటి ప్రశ్న అక్కడే.

యూకేలో ఒక్కో కారును విడిగా పరీక్షించి రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది. ఇంటి షెడ్డులో కారు తయారు చేసుకున్నవాళ్లు కూడా ఆ పరీక్ష పాసైతే నంబర్ తెచ్చుకోవచ్చు. అక్కడ ఇలాంటి చిన్న కంపెనీలు బతకడానికి ఇదొక కారణం. మన దగ్గర కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ రూల్ ప్రకారం తయారీదారు తన నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి గుర్తింపు ఉన్న సంస్థలో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. వేల కార్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఒక్క కారు కట్టుకున్న మెకానిక్‌కు మాత్రం మోయలేని భారం.

హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియం చూసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. క్రికెట్ బ్యాటు, బూటు, కెమెరా ఆకారాల్లో నడిచే బండ్లు తయారుచేసిన సుధాకర్ ప్రతిభకు కొదవ లేదు. 2005లో ఆయన భారీ ట్రైసైకిల్‌కు గిన్నిస్ రికార్డు కూడా దక్కింది. అయినా ఆ బండ్ల చోటు మ్యూజియమే. తయారు చేయగలగడం వేరు, ఆర్సీ తెచ్చుకోగలగడం వేరు.

పాత కారు సీట్లు పీకేస్తే?

ఇక్కడే చాలామంది పొరబడేది. పాత మారుతీ కొని, సీట్లు తీసేసి, పైకప్పు కోయించి, వెల్డింగ్ చేయిస్తే పని అయిపోతుందని అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండూ పడొచ్చు.

అంతకంటే పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. నేటి కార్లలో ఛాసిస్, పైకప్పు, స్తంభాలు అన్నీ కలిసి ఒకే గూడులా పనిచేస్తాయి. పైకప్పు కోసేస్తే ఆ గూడు సగం బలం పోతుంది. మోనోకు పైకప్పు లేకపోయినా డ్రైవర్ చుట్టూ కార్బన్ ఫైబర్, ఉక్కు కలిపిన రక్షణ చట్రం ఉంది. షెడ్డులో కోసిన కారుకు అది ఉండదు. బోల్తా పడితే మొదట నేలకు తగిలేది తలే.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూడాలి. కంపెనీకి చెప్పకుండా బండిని మార్చేస్తే క్లెయిమ్ దగ్గర గొడవ తప్పదు. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ చేస్తుండగా జరిగిన నష్టం మామూలు పాలసీ కిందకు రాదు. రోడ్డు మీద పందెం పెట్టుకుంటే 189వ సెక్షన్ కింద కేసు అదనం.

మరి ఖర్చెంత?

మోనో ధర అక్కడే పన్నులు కాకుండా లక్షా 60 వేల పౌండ్ల పైమాటే. మన లెక్కలో కోటీ 75 లక్షలకు తగ్గదు. విదేశీ కార్ల మీద ఇప్పటిదాకా ఉన్న దిగుమతి సుంకం చూస్తే అది రెట్టింపు దాటుతుంది. దాని మీద జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్. 2025 జులై 24న భారత్, యూకే సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందంలో పరిమిత కోటా కార్లకు దశలవారీగా సుంకాన్ని 10 శాతానికి తగ్గించే మాట ఉంది. సుంకం తగ్గినా స్పీడ్ బ్రేకర్ ఎత్తు తగ్గదు, సర్వీస్ సెంటర్ తెనాలికి రాదు. ఒక టైరు పోతే అది ఓడలోనో విమానంలోనో రావాలి.

సరదా తీరే దారి లేదా?

ఉంది. అది రోడ్డు మీద కాదు, ట్రాక్ మీద.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఒంటి సీటు ఎలక్ట్రిక్ కార్లు ఎన్టీఆర్ మార్గ్ మీదుగా దూసుకెళ్లాయి. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రోజూ జనం తిరిగే రోడ్డే అయినా, దాన్ని పూర్తిగా మూసేసి, రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టాకే కార్లను వదిలారు. ఇలాంటి బండికి ఎలాంటి రోడ్డు కావాలో ఆ ఏర్పాట్లే చెప్పాయి.

తెలుగు కుర్రాళ్లకు ఈ దారి కొత్త కూడా కాదు. హైదరాబాద్‌కు చెందిన అనిందిత్ రెడ్డి 2016, 2017లో వరుసగా యూరో జేకే టైటిల్స్ గెలిచాడు. అవి ఒంటి సీటు కార్ల పోటీలే. వేమూరు నుంచి చూస్తే దగ్గర్లోని పెద్ద ట్రాక్ చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. తెనాలిలో రైలెక్కితే చెన్నై చేరుకోవచ్చు. మొదట గో కార్టింగ్, తర్వాత రేసింగ్ స్కూల్లో శిక్షణ, ఆపై ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్, ఆ తర్వాత మారుతీ ఇంజిన్‌తో నడిచే ఎల్‌జీబీ ఫార్ములా 4 లాంటి పోటీలు.. ఇదీ వరుస.

కారు నడపడం కంటే తయారు చేయడం మీద మనసున్నవాళ్లకు ఇంజినీరింగ్ కాలేజీలో ఉండగానే అవకాశం ఉంది. సుప్రా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ పోటీల్లో విద్యార్థులు సొంతంగా ఒంటి సీటు కారు డిజైన్ చేసి, వెల్డింగ్ చేసి, ట్రాక్ మీద నడిపి చూపించాలి. బ్రేకులు, చట్రం, మంటల నుంచి రక్షణ.. అన్నీ పరీక్షించాకే కారును కదలనిస్తారు. షెడ్డులో పైకప్పు కోయించే డబ్బుతో పోలిస్తే అక్కడ పెట్టిన ప్రతి రూపాయికీ ఒక విద్య చేతికొస్తుంది.

ఒంటి సీటు కారు గొప్పదనం నిజమే. బరువు తగ్గిస్తే బండి ఎలా ప్రాణం పోసుకుంటుందో అది చూపిస్తుంది. కానీ ఆ ప్రాణానికి నున్నటి రోడ్డు, ఎదురు రాని ట్రాఫిక్, చుట్టూ రక్షణ గోడ కావాలి. ధాన్యం ఆరబోసిన కాలువ గట్టు రోడ్డు మీద ఆ మూడూ దొరకవు. కాబట్టి వీడియో చూసి ముచ్చట పడటంలో తప్పులేదు. గ్యాస్ కట్టర్ పట్టుకునే ముందు మాత్రం ఒక్కసారి ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది.