నిద్రమాత్రల చీటీ

కునుకు పట్టక రాత్రులు తెల్లవార్చు రోగికి ఒక్క మాత్రతో కన్నులు మూతపడుట ఎంతటి ఊరటయో ఆ బాధ పడినవారికే తెలియును. ఏ చట్టమైనను ఆ ఊరటను తేలికగా చూడరాదు. అయినను 1903 ప్రాంతమున జర్మనీలో ఫిషర్, మేరింగ్ పండితులు వెలుగులోనికి తెచ్చిన బార్బిటాల్ మొదలు, 1960లో లిబ్రియమ్, 1963లో వేలియమ్ అను పేర్లతో వెలువడిన బెంజోడయజెపీన్ల వరకు, ఈ మందులు తమకు ముందున్నవానికంటె నిరపాయకరములను ఖ్యాతితో ప్రవేశించి, నెలల తరబడి వాడినవారి శరీరమును తమకు లోబరచుకొని, హఠాత్తుగా మానినచో పూర్వముకంటె తీవ్రమైన నిద్రలేమిని, వణకును, ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమైన మూర్ఛలను సైతము కలిగించినవి. కావుననే బ్రిటన్ ఔషధ భద్రతా సంఘము వీనిని రెండు మొదలు నాలుగు వారములకు మించి వాడరాదని 1988లో వైద్యులకు హితవు చెప్పెను.

మన దేశమున 2014 మార్చి 1 నుండి అమలునకు వచ్చిన ఔషధ నిబంధనల షెడ్యూల్ హెచ్‌1, ఆల్‌ప్రజోలామ్, డయజెపామ్, జోల్పిడెమ్ మున్నగు ఇట్టి మందులను అమ్మునపుడు రోగి పేరును, వైద్యుని పేరు, చిరునామాలను, ఇచ్చిన మందు పరిమాణమును ప్రత్యేకమైన రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెనని మందుల దుకాణదారును శాసించుచున్నది. వైద్యుడు అనుమతించి వ్రాసిననే తప్ప ఒకే చీటీపై రెండవమారు మందు ఇయ్యరాదను నిబంధన అంతకు పూర్వమే కలదు.

ఇవి అవసరములే, అయినను అమ్మకమును అడ్డుకొనినంతమాత్రమున అలవాటు మాయము కాదు. న్యూయార్కు రాష్ట్రము 1989లో బెంజోడయజెపీన్లకు మూడు ప్రతుల చీటీని విధింపగా వాని వాడకము బాగుగా తగ్గినది గాని, మెప్రొబమేట్, క్లోరల్ హైడ్రేట్ వంటి, అంతకంటె ప్రమాదకరమైన పాతమందుల చీటీలు పెరిగినవి. ఇక తెలంగాణములో 2015లో, ఇట్టి మత్తుమందులు కలిపిన కల్తీకల్లుపై అధికారులు ఉక్కుపాదము మోపినపుడు, నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతములలో దానికి అలవాటుపడిన నిరుపేదలు వణకుతో, మతిభ్రమతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. వారు నేరస్థులు కారు, రోగులు. వారికి మందు ఆపుటకు ముందు చికిత్స ఏర్పాటు కావలసియుండెను.

నా దృష్టిలో అసలైన నియంత్రణము దుకాణమున గాక వైద్యుని గదిలో ఆరంభము కావలయును. దీర్ఘకాల నిద్రలేమికి మందుకంటె ముందు నిద్రవేళలను, ఆలోచనలను సరిదిద్దు మానసిక చికిత్సను ప్రయత్నింపవలెనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అను వైద్యుల సంఘము 2016లో సూచించినది. దానికి కావలసిన ఓపికయు, వ్యవధియు రద్దీగానుండు మన ఆసుపత్రులలో దుర్లభములు. ఏండ్ల తరబడి వాడినవారికి మాత్రము, మోతాదును వారములు, నెలలపాటు కొద్దికొద్దిగా తగ్గించు క్రమమును వైద్యుడే చీటీపై వ్రాసి, మరల ఏనాడు చూపించుకొనవలయునో ఆ తేదీని కూడ చేర్చవలయును.