'అల్'తో మొదలైనవన్నీ అరబీ మాటలేనా?

గత చలికాలంలో మా మనుమరాలు చదువుతున్న పాఠశాలలో 'పదాల కథలు' అనే అంశంపై పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పించారు. 8వ తరగతి చదువుతున్న ఆ బిడ్డ మమ్మల్ని సలహా అడిగింది. మిత్రులెవరో ఫోనుకు పంపిన జాబితా ఒకటి మా వద్ద ఉన్నది. ఆంగ్లంలో 'ఏ', 'ఎల్' అనే రెండక్షరాలతో మొదలయ్యే 30 పదాలను పేర్చి, ఇవన్నీ అరబీ భాష ప్రపంచానికి ప్రసాదించినవే అని దాని కింద రాశారు. మేము పైపైన చూసి, సంతోషించి, బిడ్డ చేతికి ఇచ్చాము.

సాయంత్రం ఆమె ముఖం చిన్నబుచ్చుకుని తిరిగి వచ్చింది. 'ఆల్బమ్' అనే మాట లాటిన్ నుంచి వచ్చిందనీ, 'అలారం' ఇటాలియన్ దనీ ఆంగ్ల ఉపాధ్యాయిని మృదువుగానే సవరించారట. వెనుక బెంచీలో ఎవరో "అన్నీ వీళ్ళవేనట!" అన్నారట. తరగతి నవ్విందట. ఆమె జాబితాలో నిజమైనవి కూడా ఎన్నో ఉన్నాయి. అయితే ఆ నవ్వు తర్వాత వాటిని వినే వారెవరు?

"దాదా, మీరు చూసే ఇచ్చారు కదా?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేకపోయింది. వార్త చేతికి వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయతు బోధిస్తున్నదని ఎన్ని సభల్లో చెప్పి ఉంటామో లెక్కలేదు. ఆ రాత్రి నిఘంటువులు ముందు వేసుకుని కూర్చున్నాము. ఆ పని కొన్ని వారాలు సాగింది. మా మనుమరాలు ఒక నోటుపుస్తకంలో ఎడమ పుట అరబీ మాటలకు, కుడి పుట కాని వాటికి కేటాయించింది. ఆ రెండు పుటల సంగతులే ఈ వ్యాసం.

ముందుగా ఈ 'అల్' ఏమిటో చూద్దాము. ఆంగ్లంలో 'ద' అనే మాట నామవాచకం ముందు నిలిచినట్లే అరబీలో 'అల్' నిలుస్తుంది. 'హమ్ద్' అంటే స్తోత్రం, 'అల్ హమ్ద్' అంటే ఆ స్తోత్రం. స్పెయిన్‌లో ముస్లింల పాలన 711లో మొదలై 1492లో గ్రెనడా పతనంతో ముగిసింది. ఆ దీర్ఘకాలంలో స్పెయిన్ ప్రజలు వేలాది అరబీ మాటలను చెవితో విని నేర్చుకున్నారు. వినేవారికి 'అల్' వేరు, మాట వేరు అని తెలియదు. రెండూ కలిపి ఒకే మాట అనుకున్నారు. ఇటలీవారు అవే మాటలను చాలావరకు 'అల్' లేకుండా స్వీకరించారు. అరబీలో ప్రత్తిని 'ఖుత్న్' అంటారు. స్పెయిన్‌లో అది 'అల్గొదోన్' అయింది, ఇటలీలో 'కొతోనె' అయింది. ఆంగ్లేయుల 'కాటన్' ఈ రెండో దారిన వచ్చింది. మరి మన తెలుగులోని అసలు, నకలు, బాకీ, హక్కు, కలం కూడా అరబీ మాటలే కదా, వాటికి 'అల్' ఏది అని పాఠకులు అడగవచ్చు. అవి ఫార్సీ, ఉర్దూల మీదుగా మన వద్దకు చేరాయి. ఆ భాషలకు ఈ 'అల్'తో పని లేదు.

ఎడమ పుటలో మొదటి మాట 'ఆల్జీబ్రా'. 'ఎక్స్ విలువ కనుగొనుము' అన్నప్పుడల్లా విసుక్కునే మా మనుమరాలికి ఈ మాట చరిత్ర కొత్తగా తోచింది. బగ్దాదులో ఖలీఫా మామూన్ కాలంలో (813-833) ముహమ్మద్ ఇబ్నె మూసా అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు ఒక గణిత గ్రంథం రచించారు. దాని పేరులో 'అల్ జబ్ర్', 'అల్ ముఖాబలా' అనే రెండు మాటలున్నాయి. 1145లో స్పెయిన్‌లోని సెగోవియాలో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ దానిని లాటిన్‌లోకి అనువదించారు. కాలక్రమేణా 'ముఖాబలా' జారిపోయి, 'అల్ జబ్ర్' ఒక శాస్త్రానికే పేరైంది.

జబ్ర్ అంటే విరిగినదానిని అతికించడం, లోపించినదానిని తిరిగి పూరించడం. విరిగిన ఎముకకు కట్టు కట్టడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు. వుజూ చేసేటప్పుడు గాయపు కట్టుపై తడిచేత్తో తుడిచే నియమాన్ని ఫిఖ్‌హ్ గ్రంథాలు 'జబీరా' శీర్షిక కింద చెబుతాయి. ఆ జబీరాకూ ఈ ఆల్జీబ్రాకూ ధాతువు ఒకటే. స్పెయిన్‌లో ఎముకలు సరిచేసే వైద్యుణ్ణి 'అల్హెబ్రిస్త' అనేవారు. 1615లో వెలువడిన 'డాన్ క్విక్సోట్' రెండో భాగంలో దెబ్బతిన్న ఒక పాత్రకు చికిత్స చేసినది అలాంటి వైద్యుడే.

ఎముకకూ లెక్కకూ ఏమి సంబంధం? ఖ్వారిజ్మీ గ్రంథంలో పెద్ద భాగం వారసత్వపు లెక్కలకే కేటాయించబడినది. అందులోని పద్ధతి తెలియడానికి మేమే ఒక లెక్క కల్పించి మనుమరాలికి ఇచ్చాము.

ఒక వ్యక్తి మరణించాడు. అతనికి భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు. ఖుర్‌ఆన్ నిర్ణయించిన ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన దానిలో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. ఆస్తిని 24 పాళ్ళు చేస్తే భార్యకు 3, కుమారునికి 14, కుమార్తెకు 7 వస్తాయి. ఇంతవరకు చిక్కు లేదు. అయితే ఆ వ్యక్తి బ్రతికి ఉండగా "నా కుమార్తెకు ఎంత వస్తుందో అంతే మన వీధిలోని అనాథ బాలునికి కూడా ఇవ్వండి" అని వసీయతు చేశాడనుకుందాము. వసీయతు తీసివేసిన తర్వాతనే వారసుల వాటాలు వేయాలి. కానీ కుమార్తె వాటా తెలియనిదే వసీయతు ఎంతో తెలియదు. వసీయతు తీయనిదే కుమార్తె వాటా తేలదు.

ఇటువంటి చోట ఖ్వారిజ్మీ తెలియని దానికి 'షై' అని పేరు పెడతారు. షై అంటే 'వస్తువు'. ఆస్తిలో నుంచి ఆ వస్తువును తీసివేస్తే మిగిలేది 24 పాళ్ళు. అంటే ఇప్పుడు ఆస్తి ఒక ముక్క విరిగి ఉన్నది. విరిగిన ముక్కను తిరిగి చేర్చడమే జబ్ర్. మొత్తం ఆస్తి 24 పాళ్ళూ, ఒక వస్తువూ. వస్తువు కుమార్తె వాటాకు సమానం కనుక 7 పాళ్ళు. కాబట్టి ఆస్తి 31 పాళ్ళు. అప్పులు, ఖనన ఖర్చులు తీర్చగా రూ. 3,10,000 మిగిలితే ఒక్కో పాలు రూ. 10,000. బాలునికి 70,000, భార్యకు 30,000, కుమారునికి 1,40,000, కుమార్తెకు 70,000. వసీయతు మూడో వంతు హద్దు కూడా దాటలేదు. మా మనుమరాలు నాలుగు మొత్తాలనూ కూడి చూసి, సరిపోయిందని తేలిన తర్వాతనే మమ్మల్ని నమ్మింది. ఈ మధ్య ఆమెకు వచ్చిన మంచి అలవాటు ఇది.

ఆ పండితుని పేరు కూడా ఒక ఆంగ్ల పదమైంది. ఖ్వారిజ్మ్ అంటే ఆరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న సీమ, నేటి ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల్లోనిది. అల్ ఖ్వారిజ్మీ అంటే ఖ్వారిజ్మ్ వారు. తెలుగు ఇంటిపేర్లలో ఊళ్ళు ఉన్నట్లే. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు, సున్నాతో లెక్కించే హిందూదేశపు పద్ధతిపై కూడా ఆయన ఒక పుస్తకం రాశారు. దాని లాటిన్ అనువాదం ఆయన పేరుతోనే ఆరంభమవుతుంది. ఆ లెక్కల పద్ధతినే యూరపు వారు 'అల్గోరిజం' అన్నారు. తర్వాత అంకెకు గ్రీకు మాట అయిన 'అరిథ్మాస్' ప్రభావంతో అది 'అల్గోరిథమ్' అయింది. ఈనాడు ఫోనులో ఏ వీడియో కనబడాలో నిర్ణయించే దానికి అదే పేరు. మాట అరబీది, అందులో ప్రయాణించిన విద్య మన దేశానిది. ఈ సంగతి ఆ జాబితాలో లేదు.

'ఆల్కహాల్' గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. మన సభల్లో తరచుగా వినిపించే ఒక వాదన ఇక్కడ అడ్డు వస్తుంది. సాఫ్ఫాత్ సూరా 47వ ఆయతులో స్వర్గపు పానీయంలో 'గౌల్' ఉండదని, అంటే తల తిరిగించే చెరుపు ఉండదని చెప్పబడినది. 'ఆల్కహాల్' ఆ 'గౌల్' నుంచే పుట్టిందని కొందరు ఉపన్యాసకులు చెబుతారు. మేము కూడా ఒకప్పుడు చెప్పాము. అర్థం చక్కగా అతుకుతుంది కనుక నమ్మాలనిపిస్తుంది. కాని నిఘంటువులు చూపే మార్గం వేరు. మూలం 'అల్ కుహ్ల్', అంటే సుర్మా, కంటికి పెట్టుకునే మెత్తని పొడి. లాటిన్ గ్రంథాల్లో అది మొదట సుర్మా, తర్వాత ఏ పదార్థాన్నయినా నూరి తీసిన అతి సూక్ష్మమైన పొడి, ఆ తర్వాత ఏ పదార్థపు సారమైనా అయింది. 16వ శతాబ్దిలో పారసెల్సస్ ద్రాక్షాసవం నుంచి తీసిన సారాన్ని 'ద్రాక్షాసవపు ఆల్కహాల్' అన్నాడు. 18వ శతాబ్ది నాటికి ద్రాక్షాసవం మాట రాలిపోయి, ఒక్క ఆల్కహాల్ మిగిలింది. అరబ్బుల సుర్మా అరబ్బుల సుర్మాగానే ఉన్నది. దాని పేరు మాత్రం సీసాలోకి చేరింది. ఆంగ్లేయులు తర్వాత సుర్మాను చూసి 'కోల్' అని మరొకసారి ఆ మాటనే తీసుకున్నారు. ఒకే మాట రెండు వేర్వేరు ముఖాలతో నేడు వారి నిఘంటువులో ఉన్నది.

'ఆల్కలీ'కి మూలం 'అల్ ఖలీ'. ఉప్పునేలల్లో పెరిగే కొన్ని మొక్కలను కాల్చగా వచ్చే బూడిద అది. సబ్బుకూ గాజుకూ అదే ముడిసరుకు. మన చాకలివారు చౌడుమట్టితో బట్టలు ఉతికిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఆ గుణమే ఈ బూడిదకూ ఉన్నది. పొటాసియంకు గుర్తు 'కె' ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. 1807లో హంఫ్రీ డేవీ ఆ మూలకాన్ని వేరుచేసి పొటాసియం అన్నాడు. జర్మన్లు 'ఖలీ' నుంచి 'కాలియం' అన్నారు. గుర్తు ఆ రెండో పేరు నుంచి వచ్చింది. 'ఆల్కెమీ' అల్ కీమియా నుంచి వచ్చింది. దాని తల తీసివేస్తే 'కెమిస్ట్రీ'. అయితే కీమియాను అరబ్బులు గ్రీకుల వద్ద నుంచి తీసుకున్నారు. గోడలోని చిన్న గదివంటి 'ఆల్కోవ్'కు మూలం అల్ ఖుబ్బా, అంటే గుమ్మటం.

కుడి పుట సంగతి. 'ఆల్బమ్' లాటిన్‌లో తెలుపు అనే మాట నుంచి వచ్చింది. గుడ్డులోని తెల్లసొనను 'ఆల్బుమెన్' అనడం అందుకే. 'అలారం' అంటే ఇటాలియన్ సైనికుల కేక, ఆయుధాలు పట్టండి అని. 'అలర్జీ'ని 1906లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే గ్రీకు మాటలతో కూర్చాడు. 'ఆల్మోస్ట్', 'ఆల్వేస్', 'ఆల్మైటీ' శుద్ధ ఆంగ్లమే, 'ఆల్' అంటే అంతా. 'ఆల్ఫాబెట్' దగ్గర మేము కొంచెం ఆగవలసి వచ్చింది. అది గ్రీకుల ఆల్ఫా, బీటా. గ్రీకులు అక్షరాలను ఫినీషియన్ల వద్ద నేర్చారు. మన మదర్సా పిల్లలు వల్లించే అలిఫ్, బా కూడా ఆ వంశపు లిపి నుంచే దిగివచ్చాయి. కనుక ఆల్ఫా అలిఫ్‌కు కూతురు కాదు, దాయాది. మా మనుమరాలు దానిని రెండు పుటల మధ్య గీత మీద రాసింది.

'ఆల్మండ్' మరీ విచిత్రం. బాదం పప్పును అరబీలో 'లౌజ్' అంటారు, కనుక అరబీ కాదు. మూలమైన గ్రీకు, లాటిన్ మాటల్లో మొదట 'ల్' లేనే లేదు. అరబీ మాటలన్నీ 'అల్'తో మొదలవుతుంటే, ఇది కూడా అలాంటిదే అనుకుని జనమే ఆ అక్షరాన్ని తగిలించారు. మేము జాబితా చూసి చేసిన పొరపాటును వారు శతాబ్దాల క్రితమే చేశారన్నమాట.

ఒక రాత్రి డాబా మీదికి వెళ్ళి ఆకాశం చూశాము. 'ఆల్డెబరాన్' అనే ఎర్రని నక్షత్రం పేరు అద్దబరాన్ నుంచి వచ్చింది, వెంబడించేది అని అర్థం. ఏ నక్షత్రాలను? సురయ్యాను. మా వీధిలోనే ముగ్గురు సురయ్యాలున్నారు. వారిలో ఎవరికైనా తమ పేరు ఒక చుక్కల గుంపుదని తెలుసో లేదో! ఆ గుంపు తెలుగువారికి కృత్తిక, దాని వెంట వచ్చేది రోహిణి. కృత్తిక కార్తె తర్వాత రోహిణి కార్తె అని మన రైతులు లెక్కపెట్టే వరుసనే అరబ్బులు ఆ నక్షత్రానికి పేరుగా పెట్టారు. 'ఆల్టెయిర్' అంటే ఎగిరే గద్ద, అది మన శ్రవణ నక్షత్రం.

నోటుపుస్తకం నిండవచ్చిన దశలో మా మనుమరాలు గది మూలన ఉన్న ఉక్కు అలమారా వైపు చూపించింది. 'అల్' ఉన్నది, ఉర్దూలో 'అల్మారీ' అంటాము, ఆంగ్ల నిఘంటువులోనూ ఉన్నది. ఎడమ పుటే కదా అన్నది. మేము కూడా అదే అనుకున్నాము. వెతికితే తేలింది: అది పోర్చుగీసువారు ఓడలో తెచ్చిన మాట, మూలం లాటిన్ 'అర్మారియం'. మా ఇంటి ఖుర్‌ఆన్ ప్రతులూ, అమ్మమ్మల అత్తరు సీసాలూ ఇన్నేళ్ళుగా ఒక లాటిన్ మాటలో భద్రంగా ఉన్నాయన్నమాట. ఆ మాట కుడి పుటకు వెళ్ళింది.

పుస్తకాన్ని ఆమె ఉపాధ్యాయినికి చూపించింది. వారం తర్వాత అది తిరిగి వచ్చింది. ఎడమ పుట అడుగున పెన్సిలుతో ఒక మాట చేర్చబడి ఉన్నది: 'అడ్మిరల్'. దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు. మేము నిఘంటువు తీశాము. నౌకాదళాధిపతిని 'అమీర్ అల్ బహ్ర్' అనేవారు, సముద్రపు అమీరు అని. యూరపు వారు 'అమీర్ అల్' దాకా విని అక్కడితో ఆగిపోయారు. 'అల్' ఈ మాటలో తోకన ఉన్నది కనుక మా జాబితాలో పడలేదు.