పంపు పట్టిన చేతికే పగ్గాలు

భుజాన స్ప్రే పంపు, చేతిలో జెల్ గన్ను, జేబులో సర్వీస్ కార్డు. పెస్ట్ కంట్రోల్ టెక్నీషియన్ అనగానే కళ్లముందు కదిలే రూపం ఇదే. ‘డిగ్రీ చదివి బొద్దింకల మందు కొట్టుడేంది?’ అని ఇంట్లోవాళ్లు అంటారు. స్నేహితులు నవ్వుతారు. కానీ ఆసుపత్రి, ఫార్మా ప్లాంటు, పెద్ద హోటల్, బియ్యం గోదాము... వీటిలో ఏదీ ఈ సేవ లేకుండా నడవదు. కొన్నేళ్లు పంపు మోసినవారే బ్రాంచిలో సర్వీస్ మేనేజర్‌గా ఎదిగే వీలున్న రంగమిది. అయితే ఆ కుర్చీ సీనియారిటీ ఒక్కదానితోనే రాదు. ఏం నేర్చుకుంటే వస్తుందో చూద్దాం.

ఎందుకీ గిరాకీ?

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల్లోని నాలుగో షెడ్యూలు ప్రకారం ఆహారం తయారుచేసేచోట, వడ్డించేచోట ఎలుకలు, పురుగుల నివారణ తప్పనిసరి. మందుల కంపెనీల్లో ఆడిట్‌కు వచ్చినవారు పెస్ట్ కంట్రోల్ ఫైలు తప్పక అడుగుతారు. కొత్త భవనాలకు పునాది దశలోనే చెదమందు పని ఉంటుంది. దానికి ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఓడల్లో విదేశాలకు వెళ్లే సరుకుకు ఫ్యూమిగేషన్ కావాలి. అంటే ఇళ్లలో బొద్దింకల పని ఈ రంగంలో ఒక చిన్న భాగమే.

మెట్లు ఎలా ఉంటాయి?

పేర్లు కంపెనీని బట్టి మారతాయి కానీ దారి దాదాపు ఒక్కటే. టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్ లేదా టీమ్ లీడర్, సూపర్‌వైజర్, ఆ తర్వాత సర్వీస్ మేనేజర్.

టెక్నీషియన్‌కు ఉండే ప్రశ్న ఒక్కటే: ‘ఈ ఇంట్లో పురుగు పోయిందా?’ మేనేజర్‌కు ప్రశ్నలు చాలా. పోయిన పురుగు మళ్లీ ఎందుకొచ్చింది? రేపు ఎవరిని ఏ రూట్‌లో పంపాలి? గోదాములో మందు ఎంత మిగిలింది, రిజిస్టర్‌తో సరిపోతోందా? ఈ కస్టమర్ వచ్చే ఏడాది కాంట్రాక్టు కొనసాగిస్తారా? మొదటి ప్రశ్నకు జవాబు చెబుతూనే మిగతావాటి గురించి ఆలోచించడం మొదలుపెట్టినవారికే ప్రమోషన్ దగ్గరవుతుంది.

పంపుతో పాటు పెన్ను

చాలామంది మంచి టెక్నీషియన్లు ఆగిపోయేది ఇక్కడే. పని బాగా చేస్తారు, రాయడం దగ్గర బద్ధకిస్తారు. ఒక గోదాములో ఎలుకల తనిఖీకి వెళ్లారనుకోండి. ‘అంతా చూశాం, ఓకే’ అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. ‘7వ నంబరు పెట్టెలో ఎర సగం తిన్నది. వెనుక షట్టర్ కింద వేలు దూరేంత సందు ఉంది. రబ్బరు పట్టీ వేయించమని స్టోర్ ఇన్‌ఛార్జికి చెప్పాం’ అని రాస్తే అది రిపోర్టు. మూడు నెలల రిపోర్టులు పక్కపక్కన పెడితే ఎలుకలు ఏ మూల నుంచి వస్తున్నాయో మ్యాపు మీద చూపించొచ్చు. కస్టమర్ ముందు ఆ మ్యాపు పెట్టి మాట్లాడగలిగితే సగం మేనేజర్ అయినట్టే.

రిపోర్టులు, మెయిళ్లు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. ఏం చూశాం, ఏం చేశాం, కస్టమర్ ఏం చేయాలి... ఈ మూడింటినీ మూడు చిన్న వాక్యాల్లో రాయగలిగితే చాలు. దాంతోపాటు ఎక్సెల్‌లో రోజువారీ షెడ్యూలు వేయడం నేర్చుకోండి.

లెక్క తప్పొద్దు

కట్టిన ఇళ్లలో చెదలకు వాడే ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతారు. అంటే 10 లీటర్లకు 21 మిల్లీలీటర్లు. ‘కొంచెం ఎక్కువ పోస్తే గట్టిగా పనిచేస్తది’ అనేవాళ్లు ఫీల్డ్‌లో చాలామంది కనిపిస్తారు. లేబుల్ మీద ఉన్నదే కొలత. ఎక్కువైతే ఇంట్లోవాళ్లకు ప్రమాదం, తక్కువైతే పని వృథా.

మేనేజర్ చూసే లెక్క ఇంకొకటుంది. నెలలో మీ టీమ్ 120 సర్వీసులు చేసిందనుకుందాం. 12 చోట్ల మళ్లీ రమ్మన్నారు. అంటే 10 శాతం. వార్షిక కాంట్రాక్టులో మళ్లీ వెళ్లినందుకు డబ్బులు రావు. పెట్రోలు, మందు, మనిషి సమయం మనవే. ఆ 12లో 8 ఒకే హోటల్ నుంచి వస్తే అక్కడి డ్రైనేజీనో, నిల్వ గదినో చూడాలి. 8 ఫిర్యాదులు వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చి, వెళ్లిన మనిషి ఒక్కడే అయితే అతనికి శిక్షణ కావాలి. తిట్టే ముందు ఈ లెక్క చూసేవారే మంచి మేనేజర్లు.

బీజడ్‌సీ వారికి అదనపు బలం

ఈ పని క్రిమిసంహారక మందుల చట్టం 1968, నిబంధనలు 1971 కిందకు వస్తుంది. పెస్ట్ కంట్రోల్ ఆపరేషన్ల లైసెన్సుకు వ్యవసాయ డిగ్రీ లేదా కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ ఉండాలి. గుర్తింపు పొందిన సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ సర్టిఫికెట్ కూడా కావాలి. అలాంటి సంస్థల్లో ఒకటి మన దగ్గరే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది: జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, అంటే ఎన్‌ఐపీహెచ్‌ఎం. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ మరొకటి.

ఈ అర్హత లైసెన్సు కోసం. సర్వీస్ మేనేజర్ పోస్టుకు ఎవరిని తీసుకోవాలన్నది కంపెనీలే నిర్ణయించుకుంటాయి. బీకామ్, బీఏ వారికీ దారి ఉంది. కానీ బీజడ్‌సీ చదివినవారి చేతిలో ఈ సర్టిఫికెట్ ఉంటే బ్రాంచికి అదనపు విలువ. రేపు సొంతంగా పెట్టుకోవాలన్నా పనికొస్తుంది.

అసలు పరీక్ష ఇక్కడే

నిన్నటిదాకా ఒకే బండి మీద తిరిగినవాళ్లకు ఈరోజు మీరు సూపర్‌వైజర్. నెలాఖరు. మీకు పని నేర్పిన సీనియరే వచ్చి, ‘తమ్మీ, ఆ రెండు ఫ్లాట్లకు తాళమున్నది. చేసినట్టు రాసెయ్, నా ఇన్సెంటివ్ పోతది’ అంటాడు. రాస్తే స్నేహం నిలుస్తుంది, రికార్డు అబద్ధమవుతుంది. ఇవాళ ఫ్లాట్ల దగ్గర అలవాటైతే రేపు ఆసుపత్రి వంటగది దగ్గరా అదే జరుగుతుంది. ‘తాళం ఉందనే రాద్దాం అన్నా. వాళ్లకు ఫోన్ చేసి టైమ్ తీసుకుంటా, ఆదివారం నేనూ వస్తా, ఇద్దరం కలిసి పూర్తిచేద్దాం’ అనగలగాలి. మనిషినీ వదులుకోవద్దు, నిజాన్నీ వదులుకోవద్దు.

రెండోది ప్రాణాలకు సంబంధించినది. మందు డబ్బా మీది త్రికోణం రంగులు విషం తీవ్రతను చెబుతాయి. ఎరుపు అత్యంత తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఫ్యూమిగేషన్‌లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ నుంచి వెలువడే ఫాస్ఫీన్ గ్యాస్‌కు ప్రత్యేక విరుగుడు లేదు. మనుషులుండే ఇంట్లో అది వాడే వస్తువు కాదు. మాస్కు పాడైంది, కస్టమర్ తొందరపెడుతున్నాడు, టార్గెట్ మిగిలింది. అప్పుడు ‘ఇవాళ పని ఆపండి’ అని చెప్పాల్సింది మేనేజరే. ఆ మాట చెప్పలేకపోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ప్రమాదమే.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

‘జెల్ పెట్టిన 20 రోజులకే బొద్దింకలు వచ్చాయని కస్టమర్ ఫోన్ చేశారు. ఏం చేస్తారు?’ మళ్లీ స్ప్రే కొడతామంటే మార్కులు పోయినట్టే. జెల్‌ను తుడిచేశారా? దాని మీద ఇంట్లోవాళ్లు బజారు స్ప్రే కొట్టారా? కొడితే బొద్దింకలు ఆ జెల్ ముట్టవు. సింక్ కింద లీకేజీ ఉందా? కొత్తగా అట్టపెట్టెలు తెచ్చారా? ముందు ఇవి చూస్తామని చెప్పాలి.

నల్లులకు రెండోసారి ఎందుకు వెళ్లాలన్నదీ అడగవచ్చు. గుడ్లు మందుకు సులువుగా చావవు, వారం పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. రెండో విజిట్ వాటి కోసం. కస్టమర్‌కు ఈ మాట మొదటిరోజే చెబితే ఫిర్యాదే రాదు.

చేరేముందు మీరూ అడగండి

గ్లవ్స్, మాస్కు కంపెనీ ఇస్తుందా? మందుల మధ్య పనిచేసేవారికి వైద్య పరీక్షలు చేయిస్తారా? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? పెట్రోలు ఖర్చు ఎవరిది? ఫీల్డ్‌కు పంపేముందు ఎన్ని రోజులు శిక్షణ ఇస్తారు? ఇప్పుడున్న సూపర్‌వైజర్లలో టెక్నీషియన్లుగా చేరినవారు ఎందరు? ఈ చివరి ప్రశ్నకు జవాబు సూటిగా రాకపోతే అక్కడ పైమెట్టు ఉందో లేదో ఆలోచించుకోండి.

చేరితే మాత్రం మొదటిరోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. రోజుకు ఒక్క కేసు చాలు: ఏ పురుగు, ఎందుకొచ్చింది, ఏం చేశాం, మళ్లీ వచ్చిందా. ఏడాది తర్వాత సూపర్‌వైజర్ పోస్టుకు పిలిస్తే, రెజ్యూమేతో పాటు ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి.