జీడిపిక్కల రాబడికి నిరుటి లెక్క చాలదు
కొమ్మ ఎండు తెగులును గమనించాకే తోట బేరం

అనకాపల్లి: జీడిమామిడి తోటల ఫలసాయానికి ముందుగా అడ్వాన్సు ఇచ్చే వర్తకులు నిరుటి దిగుబడిని బట్టి బేరం కుదుర్చుకోవడం పరిపాటి. అయితే వానాకాలంలో చెట్టు బెరడుకు పట్టే కొమ్మ ఎండు తెగులు ఈ లెక్కను తారుమారు చేయగలదు. నర్సీపట్నం, గొలుగొండ, నాతవరం వైపు మెట్ట భూముల పిక్కలపై ఆధారపడే వర్తకులు ఈ తెగులు తీరును తెలుసుకోవడం అవసరం.

పింక్ తెగులు అని కూడా పిలిచే దీనికి కారణం కార్టీసియం శాల్మనీకలర్ అనే శిలీంధ్రం. వర్షాలకు గాలిలో తేమ పెరిగినప్పుడు కొమ్మల బెరడుపై మొదట తెల్లని మచ్చలు కనిపిస్తాయి. క్రమంగా అవి గులాబి రంగు పొరగా మారతాయి. తరువాత బెరడు పగిలి ఊడిపోతుంది. ఆహారం అందక ఆకులు పసుపుపచ్చబడి రాలుతాయి. కొమ్మ చివరి నుంచి కిందికి ఎండుతూ వస్తుంది.

జీడిమామిడికి పూత కొత్త చిగుళ్ల కొసలనే వస్తుంది. కనుక కొమ్మ ఎండితే ఆ మేరకు పంట పోయినట్లే. బెరడు సగం దెబ్బతిన్న కొమ్మ పూత పూసినా, పిక్క నిండక ముందే ఎండిపోవచ్చు. అటువంటి కొమ్మల నుంచి తాలు పిక్కలు వచ్చే ప్రమాదం వుంది.

వర్తకునికి కలిగే నష్టాన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. 80 కిలోల బస్తాలు 100 వస్తాయని అంచనా వేసిన తోటలో కాపు కొమ్మలు అయిదో వంతు ఎండితే 20 బస్తాలు తగ్గుతాయి. పిక్కల బరువులో నాలుగో వంతు పప్పు దిగుతుందనుకుంటే, 400 కిలోల పప్పు పోయినట్లే. స్థానికంగా సరుకు తగ్గినంత మాత్రాన ధర పెరిగి ఈ లోటు పూడుతుందని చెప్పలేము. పలాస పరిశ్రమకు ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా వస్తుండడంతో ధర ఒక్క ఇక్కడి పంటను బట్టే నిర్ణయం కాదు.

బంక కారిన ప్రతి చెట్టుకూ ఇదే తెగులు అనుకోరాదు. మొదలు దగ్గర రంధ్రాలు, బంకతో పాటు నమిలిన పొట్టు కనిపిస్తే అది కాండం తొలిచే పురుగు పని. దానివల్ల కొమ్మే కాదు, చెట్టే చచ్చిపోవచ్చు. లేత చిగుళ్లు, పూగుత్తులు నల్లబడి మాడితే టీ దోమను అనుమానించాలి. కాగా బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు తోటల్లో బెరడు పగిలి బంక కారే తెగులును లాసియోడిప్లోడియా అనే మరో శిలీంధ్రం కలిగిస్తున్నది. గాయాల ద్వారా చెట్టులో ప్రవేశించడం దీని స్వభావం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులను చవిచూసిన ఉత్తరాంధ్రలో, విరిగిన కొమ్మలను అలాగే వదిలేయడం ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

నివారణ ఖరీదైనదేమీ కాదు. ఎండిన కొమ్మను తెగులు సోకిన భాగానికి కొంత దిగువన, ఆరోగ్యంగా వున్నచోట కోసి, కోత మీద 10 శాతం బోర్డో పేస్టు పూయాలి. కోసిన కొమ్మలను తోటలో వుంచక తగులబెట్టాలి. ముందు జాగ్రత్తగా 1 శాతం బోర్డో మిశ్రమాన్ని వర్షాలకు ముందు మే, జూన్ నెలల్లోను, తిరిగి అక్టోబరులోను పిచికారీ చేయాలి. ఇందుకు 100 లీటర్ల నీటికి మైలుతుత్తం, సున్నం ఒక్కొక్క కిలో చొప్పున కావాలి. ఇనుప పాత్రలో కలపరాదు. మెరుగుపెట్టిన చాకును మిశ్రమంలో ముంచితే ఎర్రని రాగి పూత పట్టినచో మరికొంత సున్నం కలపాలి.

కొత్తగా నాటిన మొక్క కాపు మొదలుపెట్టడానికి మూడేళ్లు, పూర్తి దిగుబడికి మరికొన్నేళ్లు పడుతుంది. ఉన్న కొమ్మను కాపాడుకోవడమే లాభసాటి. ఒకే తోటను వరుసగా కొన్నేళ్లకు తీసుకునే వర్తకులు మందు ఖర్చు ఎవరు భరించాలో బేరంలోనే తేల్చుకోవడం మేలు. అడ్వాన్సు ఇచ్చే ముందు వానాకాలంలో ఒకసారి, పూత సమయాన మరొకసారి తోటకు వెళ్లి ఎండు కొమ్మలను లెక్కపెట్టుకుంటే, సీజను చివర బస్తాల లెక్క తప్పే అవకాశం తగ్గుతుంది.