మాండలిన్‌కి గొంతివ్వండి... గోల వద్దు!

1986 వినాయక నవరాత్రులు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, పోర్టుకి కూతవేటు దూరంలో ఒక పందిరి. స్టేజి మీద మా ఆర్కెస్ట్రా. ముందు వరసలో, ఫస్ట్ షిఫ్టు దిగి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మా నాన్న. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. నా చేతిలో మాండలిన్!

ఆ రాత్రి నా వంతు ఒక్కటే. పాటల మధ్యలో రెండు నిమిషాలు ఒంటరిగా వాయించాలి. ఏం వాయించాలో కూడా ఎప్పుడో నిర్ణయించేసుకున్నాను. బాపుగారి 'ముత్యాలముగ్గు' (1975)లో వినిపించే మాండలిన్ ధోరణిలో ఒక చిన్న ముక్క. ఆ సినిమాకి సంగీతం కె.వి.మహదేవన్. అందులోని ఆ మాండలిన్ సజ్జాద్ హుసేన్‌ది. హిందీలో స్వయంగా సంగీత దర్శకుడైన పెద్దమనిషి ఆయన. చిన్నప్పుడు నాన్న పక్కన కూచుని ఆ సినిమా చూసిన రోజే నాకీ పిచ్చి పట్టుకుంది.

మామూలు చెక్క మాండలిన్‌కి ఒక కాంటాక్ట్ పికప్ అతికించాను. స్నేహితుడు సొంతంగా టంకం పెట్టి చేసిన డిస్టార్షన్ డబ్బా ఒకటి మధ్యలో తగిలించాను. దాని వైరు తీసుకెళ్లి మైక్‌సెట్ వాడి ఆంప్లిఫయర్‌లో, మైకు గుచ్చే కన్నంలో గుచ్చాను. స్విచ్ నొక్కాను...

"కుయ్య్య్య్..."

"పోర్టు సైరన్ కొట్టీసిందిరోయ్! షిఫ్టుకి పదండ్రోయ్!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. పందిరంతా ఒకటే నవ్వు. నాన్న మెల్లిగా లేచి వెళ్లిపోవడం నా కళ్లారా చూశాను.

ఇంటికెళ్లాక ఆయన తిట్టలేదు. అన్నం తింటూ ఒక్క మాటన్నారు. "నీ చెయ్యి వినిపించలేదురా. డబ్బా వినిపించింది."

దాదాపు నలభై ఏళ్లయింది. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

మేనల్లుడి చిట్టా

కిందటేడాది మా అక్క కొడుకు స్టీల్ ప్లాంట్లో అప్రెంటిస్‌గా చేరాడు. స్టైపెండులోంచి కూడబెట్టిన ఇరవై వేలు జేబులో పెట్టుకుని ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. అప్పటికే ఎలక్ట్రిక్ మాండలిన్ కొనేశాడు. చేతిలో ఒక కాగితం. అందులో ఏడు పెడల్స్ పేర్లు!

"ఆంప్లిఫయరేదిరా?" అన్నాను.

"ఏటి మావయ్యా, పందిట్లో మైక్‌సెట్ ఉంటాదిగా! దాన్లోనే గుచ్చేస్తాను."

నా గుండె గుభేలుమంది. ఆ కాగితం లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాను. "ముందు కూచో. ఒక పాలకొల్లు కుర్రాడి కథ చెప్తాను" అన్నాను.

పాలకొల్లు కుర్రాడు

పాలకొల్లు అంటే మీకు అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు గుర్తొస్తారు కదూ? మాండలిన్ పట్టుకున్నవాడికి మాత్రం ముందు గుర్తొచ్చే పేరు ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ ఆరేళ్లకే చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రాడు అది విని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందం. 2014 సెప్టెంబరులో, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు.

అతనికి ఎలక్ట్రిక్ మాండలిన్ ఎందుకు కావాల్సొచ్చిందో ఆలోచించారా? మాండలిన్ తీగ పొడవు సుమారు పద్నాలుగంగుళాలు. గిటార్ తీగ పాతిక అంగుళాల పైమాటే. పొట్టి తీగ మీటగానే 'టంగ్' అని మోగి చప్పున ఆరిపోతుంది. మన సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఆరిపోయాక గమకం ఎక్కడ పలుకుతుంది? దానికితోడు మామూలు మాండలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. జతని పక్కకి లాగితే రెండూ ఒకేలా సాగవు, శ్రుతి చెడుతుంది.

అందుకని అతను జతలు తీసేసి అయిదు ఒంటి తీగలతో గట్టి చెక్క ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1956లోనే నాలుగు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ తెచ్చింది గానీ, దాని మీద రాగం ఆలపించి ప్రపంచాన్ని కూచోబెట్టింది మన గోదావరి కుర్రాడు. పికప్, ఆంప్లిఫయర్ అతనికి ఇచ్చింది ఒక్కటే... స్వరం ఆరిపోకుండా కాస్త నిలబడే వ్యవధి. మిగతాదంతా చేతిదే!

"అర్థమైందిరా? మన సరంజామా కూడా ఆ పనికే" అన్నాను. వాడు తలూపాడు గానీ, కళ్లు నా జేబులో ఉన్న కాగితం మీదే ఉన్నాయి.

ముందు ఆంప్లిఫయర్!

ఆనాడు నా మాండలిన్ ఎందుకు కూసిందో ఇప్పుడు చెప్తాను. తప్పులు రెండు. కాంటాక్ట్ పికప్‌ని మైకు కన్నంలో గుచ్చితే కింది స్వరాల బలం పోయి పైన కీచు మాత్రం మిగులుతుంది. ఎందుకంటే ఆ పికప్ సొంత ఇంపిడెన్సు చాలా ఎక్కువ. దాన్ని అందుకునే కన్నానికి ఇంపిడెన్సు ఎక్కువుండాలి, పది లక్షల ఓములు, అంటే ఒక మెగాఓము దాకా. మైకు కన్నానికి ఉండేది కొద్ది వేల ఓములే. ఇక రెండోది, బోలు మాండలిన్‌కి డిస్టార్షన్ తగిలించడం. స్పీకరు మోత పెట్టెని ఊపుతుంది, పెట్టె పికప్‌ని ఊపుతుంది, అది మళ్లీ స్పీకరుకెళ్తుంది. ఇంక సైరన్ కాక ఏమొస్తుంది?

మా వాడిది గట్టి చెక్క, అయస్కాంతపు పికప్. దానికి కూత భయం తక్కువ. కానీ అదీ మెగాఓము కన్నమే కోరుతుంది. మైక్‌సెట్‌లో నేరుగా గుచ్చితే దానికి జరిగేది ఇంకోరకం నష్టం: పై మెరుపంతా పోయి దుప్పటి కప్పినట్టు మూగగా వినిపిస్తుంది.

కాబట్టి గుర్తుంచుకోండి. అయస్కాంతపు పికప్ ఉన్న ఎలక్ట్రిక్ మాండలిన్‌కి గిటార్ ఆంప్లిఫయర్ కొనండి. దాని స్పీకరు అయిదు వేల హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. మాండలిన్‌లోని గీకుడు అక్కడే ఆగిపోతుంది. చెక్క మాండలిన్‌కి కాంటాక్ట్ పికప్ పెట్టుకున్నవాళ్లు అకూస్టిక్ ఆంప్లిఫయర్ తీసుకోండి.

వాట్లు చూసి మోసపోకండి. ఇంట్లో, చిన్న హాల్లో పదిహేను నించి ముప్ఫై వాట్లు పుష్కలం. స్పీకరు ఎనిమిదంగుళాలకి తగ్గకూడదు. పది అయితే మరీ మంచిది. పెద్ద బేస్ మనకక్కర్లేదు. గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగితే, మాండలిన్ కింది తీగ 196 దగ్గర. అయిదో తీగ ఉంటే 131. బేస్ మీద ఆశపడి బరువు మోయడం దేనికి?

షాపుకి వెళ్లేటప్పుడు మీ మాండలిన్ మీరే పట్టుకెళ్లండి. షాపు కుర్రాడి చేత గిటార్ వాయింపించుకుని మురిసిపోకండి. బిరడాలన్నీ సగంలో పెట్టి, ఎకోలు కట్టేసి, ఒక రాగం ముక్క నెమ్మదిగా వాయించండి. పై తీగ చెవిలో సూదిలా గుచ్చిందా? ట్రెబుల్ తగ్గించండి. అయినా గుచ్చుతూనే ఉంటే ఆ పెట్టె మీది కాదు. ఇంకోటి చూడండి. మేమైతే బేస్ అయిదు, మిడిల్ ఆరు, ట్రెబుల్ మూడు దగ్గర స్థిరపడ్డాం.

మా వాడి ఇరవై వేలల్లో సగం పైన ఆంప్లిఫయర్‌కే పోయింది. వాడి మొహం చూడాలి! పెళ్లిలో జిలేబీ అందని పిల్లాడిలా ఉన్నాడు.

ఏడింట్లో మిగిలిన రెండు

అప్పుడు కాగితం బయటికి తీశాను. ఒక్కో పేరూ చదివి కొట్టేస్తూ వచ్చాను.

డిస్టార్షన్: రాక్ పాటకి ఓకే. ఒంటి తీగ మీద కొంచెంగా పెడితే స్వరం నిలబడుతుంది కూడా. కానీ గమకంలోని సన్నని అంచులు చెరిగిపోతాయి. రెండు మూడు తీగలు కలిపి మీటితే గంజి అయిపోతుంది. ఇప్పుడొద్దు.

కోరస్: స్వరానికి పక్కనే కాస్త అటూ ఇటూ ఊగే మరో స్వరాన్ని కలుపుతుంది. రోలండ్ వాళ్లు 1975లో తెచ్చిన 'జాజ్ కోరస్' ఆంప్లిఫయర్ ఈ శబ్దానికే పేరు మోసింది. ఒంటి తీగకి జత తీగల భ్రమ కలిగించాలంటే ఇది పనికొస్తుంది. కానీ రాగాలాపనలో శ్రుతి ఊగినట్టుంటుంది. వచ్చే ఏడాది చూద్దాం.

వా పెడల్, ఫ్లాంజర్: సరదాకి బాగుంటాయి. సరదా తీరాక అటక మీదకెక్కుతాయి.

రివర్బ్: హాల్లో వాయించినట్టు గుంగుం. మేం కొన్న ఆంప్లిఫయర్‌లోనే ఉంది. మళ్లీ డబ్బులెందుకు?

ఇంక మిగిలినవి రెండు. కంప్రెసర్, డిలే.

కంప్రెసర్ని నేను మాండలిన్‌కి ఊపిరితిత్తి అంటాను. గట్టిగా మీటిన దెబ్బని కొంచెం అణిచి, ఆరిపోతున్న తోకని పైకెత్తుతుంది. స్వరం ఇంకాస్త నిలుస్తుంది, గమకానికి చోటు దొరుకుతుంది. మరీ ఎక్కువ తిప్పితే గట్టి మీటు, మెత్తని మీటు తేడా పోతుంది. హిస్స్ అని గాలి కూడా మొదలవుతుంది. సగానికి లోపే ఉంచండి.

డిలే అంటే మన పాత ఎకో. ఒకప్పుడు టేపు తిప్పి చేసేవారు, ఇప్పుడు అరచేతిలో పట్టే డబ్బా. దీనికో చిన్న లెక్కుంది. 60,000ని పాట నడకతో భాగించండి. నిమిషానికి 120 దెబ్బల పాటైతే 500 మిల్లీసెకన్లు, 100 దెబ్బలదైతే 600. అలా పెడితే ప్రతిధ్వని తాళంలో పడుతుంది. లేకపోతే తబలా అతను మీకేసి గుర్రుగా చూస్తాడు!

వరస కూడా ముఖ్యమే. మాండలిన్, కంప్రెసర్, డిస్టార్షన్ ఉంటే అది, కోరస్, చివర డిలే, ఆపైన ఆంప్లిఫయర్. డిలేని డిస్టార్షన్‌కి ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి చెత్తకుప్ప అవుతాయి.

పందిట్లో జాగ్రత్త బాబూ!

ఈ పెడల్స్‌లో ఎక్కువ వాటికి తొమ్మిది వోల్టుల డి.సి. కావాలి. అడాప్టర్ జాక్‌లో మధ్య సూది చాలావాటికి నెగిటివ్. ఇంట్లో ఏదో రేడియో అడాప్టర్ ఉంది కదా అని గుచ్చారో, పొగే! డబ్బా మీద బొమ్మ చూసి గుచ్చండి.

ఎర్తింగ్ సంగతి మరింత ముఖ్యం. తీగలు, జాక్, ఆంప్లిఫయర్ అన్నీ ఒకే లోహపు దారి. పందిట్లో జనరేటర్, తడి నేల, ఎర్త్ లేని ప్లగ్గు కలిస్తే తీగ ముట్టుకున్న చేతికి కరెంటే. పెదవికి మైకు తగిలినప్పుడు జివ్వుమంటే వెంటనే ఆపించండి. పాట మళ్లీ పాడొచ్చు.

పెద్ద పందిరైతే మీ ఆంప్లిఫయర్ని అరిపించకండి. దాని ముందొక మైకు పెట్టించండి, లేదా డి.ఐ. బాక్స్ అనే చిన్న పెట్టె ద్వారా మైక్‌సెట్‌కి ఇవ్వండి. ఆ మెగాఓము తగాదాని అది తీర్చేస్తుంది.

ఇంక మన విశాఖ వాళ్లకి ప్రత్యేకం. ఉక్కు మన హక్కు కావచ్చు గానీ, మన గాలిలోని ఉప్పుకి ఆ ఉక్కు మీద హక్కెక్కువ! అయస్కాంతపు పికప్‌కి ఉక్కు, నికెల్ తీగలే కావాలి. కంచు చుట్టిన తీగలు దానికి సరిగా వినపడవు. వాయించడం అవగానే పొడి నూలుగుడ్డతో ఒక్కో తీగా తుడవండి. జాక్‌లు వారానికోసారి పది సార్లు గుచ్చి తీయండి, పట్టిన చిలుము రాలుతుంది. బీచిలో ఫొటోకి మాండలిన్ పట్టుకెళ్లే హీరోలు ఉన్నారు... వాళ్లకి నా నమస్కారం.

మళ్లీ అదే ముందు వరస

కిందటేడాది వినాయక చవితి. ఉక్కునగరంలో పందిరి. మా వాడి వంతొచ్చింది. పక్కన ఒక ఆంప్లిఫయర్, కాళ్ల దగ్గర రెండే డబ్బాలు. ముందు వరసలో మా అక్క, బావ, వాళ్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో మా నాన్న. ఎనభై దాటాయి. ఎడమ చెవి సరిగా వినపడదు. కుడి చెవి స్పీకరు వైపు పెట్టుకుని కూచున్నారు.

వాడు వాయించింది ఏమిటనుకున్నారు? నేను ఆనాడు వాయించలేకపోయిన 'ముత్యాలముగ్గు' ధోరణే! నాతో ఒక్క మాట చెప్పలేదు వెధవ. రెండో వరసలో ఒకచోట తడబడ్డాడు, మళ్లీ అందుకున్నాడు. చివరి స్వరం మీటి వేలు ఊపాడు. కంప్రెసర్ పట్టుకుంది, డిలే రెండుసార్లు తిరిగి పలికింది. ఎవరూ సైరన్ అనలేదు.

నేను మాండలిన్ని చూడలేదు. నాన్ననే చూస్తున్నాను. ఆయన లేవలేదు.

ప్రోగ్రాం అయ్యాక వాడొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టాడు. "ఎలగుంది తాతా?" అన్నాడు.

"సౌండు కూసింత ఎక్కువైంది" అన్నారు నాన్న. వాడి కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లు ఓసారి తడిమి చూశారు. "చెయ్యి వినిపించిందిరా."

ఆ మాట వాడితోనే అన్నారు. కానీ నాకూ వినిపించింది!